వికీకి తెలుగు జోడింపులు: కోడ్, కర్తలు, లైసెన్సులు

1995 మార్చిలో వార్డ్ కన్నింగ్‌హామ్ మొదటి వికీని నడిపించినప్పుడు అందులో ఉన్న సౌకర్యాలు కొద్దివే. పేజీ రాయవచ్చు, దిద్దవచ్చు, ఒక పేజీ నుంచి మరోదానికి లంకె వేయవచ్చు. ఆ తరువాత వచ్చిన సౌకర్యాల్లో చాలా భాగం వాడుకరులు తమ అవసరం కొద్దీ రాసి జోడించినవి. అసలు ప్రోగ్రామును కదపకుండా దానికి కొత్త పని నేర్పే ఈ చిన్న కోడ్‌లను సందర్భాన్ని బట్టి ప్లగిన్లు, పొడిగింతలు, గాడ్జెట్లు అంటారు. వీటిని రాసేవారిలో ఎక్కువమంది స్వచ్ఛందంగా పనిచేసేవారే. రాసినవారు ఏదో ఒకనాడు వేరే పనుల్లో పడతారు. ఆ తరువాత కోడ్ బతుకుతుందా లేదా అన్నది చాలావరకు దాని లైసెన్సు మీదే ఆధారపడుతుంది. తెలుగు జోడింపుల చరిత్ర దీనికి మంచి సాక్ష్యం.

తెలుగుకు అన్నిటికన్నా ముందు కావలసి వచ్చింది టైపు చేసే సాధనం. ఇంగ్లీషు కీబోర్డు మీద ఉచ్చారణను బట్టి తెలుగు రాసే ఆర్‌టీఎస్ పద్ధతిని అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించారు. 1991లో వెలువడిన యూనికోడ్ తొలి కూర్పులోనే తెలుగు లిపి ఉంది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీలో గౌతమి అనే తెలుగు యూనికోడ్ ఫాంటు ఉంది. అయినా తెలుగు పత్రికల వెబ్‌సైట్లు చాలాకాలం యూనికోడ్ జోలికి రాలేదు. ఈనాడు ఫాంటు ఈనాడుది, వార్త ఫాంటు వార్తది. ఒకదానిలో 'క' ఉన్న చోట మరోదానిలో ఇంకేదో గుర్తు ఉండేది. ఫాంటు లేని కంప్యూటర్లో పేజీ తెరిస్తే అర్థంలేని గుర్తుల గుంపు కనబడేది. ఉన్న కంప్యూటర్లోనైనా అందులో ఒక మాటను వెతకడం గానీ, ఒక వాక్యాన్ని నకలు తీసి వేరే చోట అతికించడం గానీ కుదిరేది కాదు.

ఆ చిక్కును విప్పింది పద్మ. రాసినవారు వెన్న నాగార్జున. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలు కావడానికి చొరవ చూపింది కూడా ఆయనే. మొదట ఆర్‌టీఎస్ రాతను యూనికోడ్ తెలుగులోకి మార్చడానికి పుట్టిన పద్మ, తరువాత ఫైర్‌ఫాక్స్ బ్రౌజరుకు పొడిగింతగా ఎదిగింది. పత్రికల పేజీ తెరవగానే సొంత ఫాంటు అక్షరాలను యూనికోడ్‌లోకి మార్చి చూపేది. క్రమంగా ఇతర భారతీయ లిపులూ అందులో చేరాయి. ఆయన దాన్ని గ్నూ జీపీఎల్ కింద విడుదల చేశారు. కోడ్‌ను ఎవరైనా చదవవచ్చు, మార్చవచ్చు, పంచవచ్చు. మార్చి పంచేవారు మాత్రం తమ కోడ్‌నూ అదే లైసెన్సు కింద ఇవ్వాలి. కర్త హక్కు కర్తదిగానే ఉంటుంది, ఆయన పేరు ఫైలు మీద అలాగే నిలుస్తుంది.

ఈ అనుమతి వల్లే 2006లో లేఖిని సాధ్యపడింది. అక్షరాలను మార్చే పనికి వీవెన్ పద్మ కోడ్‌నే ఆధారం చేసుకుని, ఏ బ్రౌజరులోనైనా పనిచేసే వెబ్ పేజీగా లేఖినిని తీర్చిదిద్దారు. ఇన్‌స్టాల్ చేయవలసింది ఏమీ లేదు, ఇంటర్నెట్ కేఫ్‌లో కూర్చుని కూడా తెలుగు రాయవచ్చు. తెలుగు వికీపీడియాలో తొలినాళ్లలో రాసినవారిలో చాలామంది లేఖినిలో రాసి వికీలో అతికించినవారే. కొద్దికాలానికి ఉచ్చారణ టైపింగు వికీ దిద్దుబాటు పెట్టెలోకే వచ్చింది. సైటు మొత్తానికి వర్తించే జావాస్క్రిప్ట్ పేజీలో కోడ్ పెడితే ప్రతి వాడుకరికీ ఆ సౌకర్యం అందుతుంది. ప్రోగ్రామర్లు కాని నిర్వాహకులు కూడా ఆ పేజీలను చూసి నేర్చుకోగలిగారు.

కామారెడ్డి జిల్లా బాన్స్‌వాడ ప్రాంతంలోని మహమ్మద్ నగర్ అనే ఊరి పేరును టైపు చేసి చూస్తే ఈ టైపింగు కోడ్ ఎంత సూక్ష్మమైన పని చేస్తుందో తెలుస్తుంది. రెండు మాటల మధ్య ఖాళీ ఉంచితే ఇబ్బంది లేదు. కలిపి రాస్తే మాత్రం 'ద' కింద 'న' ఒత్తు పడి 'మహమ్మద్నగర్' అవుతుంది. 'మహమ్మద్‌నగర్' అని రావాలంటే 'ద్' తరువాత కంటికి కనబడని ఒక యూనికోడ్ సంకేతం చేరాలి. లేఖినిలో ^ గుర్తు కొడితే అది చేరుతుంది. బాన్స్‌వాడకూ ఇదే అవస్థ. ఆ సంకేతం లేకపోతే 'న' కింద 'స', 'వ' ఒత్తులు రెండూ చేరి 'బాన్స్వాడ' అని పడుతుంది. మనిషి కంటికి ఒక పేరు రూపాలన్నీ ఒకే ఊరివి, కంప్యూటరుకు మాత్రం వేర్వేరు శీర్షికలు. అందుకే వికీలో ఒక రూపం నుంచి మరో రూపానికి దారిమార్పులు పెడతారు. పైగా మహమ్మద్ నగర్ పేరున్న ఊళ్లు తెలంగాణలో మరికొన్ని ఉన్నాయి కాబట్టి పేరు పక్కన కుండలీకరణాల్లో మండలం పేరు చేర్చే పద్ధతి, అయోమయ నివృత్తి పేజీలు అవసరమయ్యాయి.

2011లో వికీమీడియా వికీల్లో నారాయం అనే పొడిగింత అమల్లోకి వచ్చింది. మలయాళ వికీపీడియా సముదాయంలో పుట్టిన ఈ కోడ్ ఎన్నో భారతీయ భాషల టైపింగును ఒక గొడుగు కిందికి తెచ్చింది. 2013లో దాని స్థానంలో యూనివర్సల్ లాంగ్వేజ్ సెలెక్టర్ వచ్చింది. దానిలో టైపింగు పని చూసే జేక్వెరీ ఐఎంఈ అనే భాగాన్ని జీపీఎల్, ఎంఐటీ అనే రెండు లైసెన్సుల కింద విడుదల చేశారు. వాడుకునేవారు తమకు అనువైనది ఎంచుకోవచ్చు. ఎంఐటీ లైసెన్సు అడిగేది ఒక్కటే, కర్త హక్కు ప్రకటన, లైసెన్సు పాఠం ఫైలులో ఉంచాలి. అందువల్ల తెలుగు లిప్యంతరీకరణ, ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు పటాలు వికీపీడియా గడప దాటి ఏ వెబ్‌సైటులోనైనా, ఏ వ్యక్తిగత వికీలోనైనా చేరే వీలు కలిగింది.

టైపింగు తరువాత భారీ పని ఊళ్ల పేజీలది. 2016 అక్టోబరు 11న తెలంగాణ జిల్లాలు 10 నుంచి 31 అయ్యాయి. అంతవరకు నిజామాబాదు జిల్లాలో ఉన్న బాన్స్‌వాడ ప్రాంతం కామారెడ్డి జిల్లాలోకి వచ్చింది. మండలంలోని ఊళ్ల జాబితా మూస రూపంలో ఉంటే ఒక్క చోట దిద్దితే చాలు, అది చేరిన ప్రతి పేజీలోనూ మార్పు కనబడుతుంది. వాక్యంలోనే జిల్లా పేరు రాసి ఉంటే మాత్రం ప్రతి పేజీనీ తెరవాలి. ఇలాంటి పనికి సాయపడేవి ఆటోవికీబ్రౌజరు, పైవికీబాట్. మొదటిది జీపీఎల్ కింద, రెండోది ఎంఐటీ కింద ఉన్నాయి. 2011 జనగణన అంకెలను ఊరి పేజీల్లో వాక్యాలుగా చేర్చిన ఘనత కూడా ఇలాంటి సాధనాలకూ, వాటిని ఓపికగా నడిపిన వాడుకరులకూ దక్కుతుంది. రోజుల తరబడి సాగే ఆ పనికి పేరు రాదు; పేజీ చరితంలో వాడుకరి పేరు మిగులుతుంది, అంతే.

వికీ పేజీలోనే రాసిన గాడ్జెట్లు, మూసలు, లూవా భాషలో రాసిన మాడ్యూళ్ల లైసెన్సు సంగతి కొంత చిక్కైనది. వికీలో భద్రపరచిన ప్రతిదీ వ్యాసాల లైసెన్సు కిందికే వస్తుంది. 2009 వరకు అది గ్నూ స్వేచ్ఛా పత్రాల లైసెన్సు. ఆ ఏడాది జూన్‌లో క్రియేటివ్ కామన్స్ బై-ఎస్‌ఏ 3.0, 2023 జూన్‌లో 4.0 వచ్చాయి. ఇవి సాఫ్ట్‌వేరు కోసం రాసిన లైసెన్సులు కావు. మూల కోడ్ ఇవ్వాలన్న షరతు వాటిలో లేదు. బై-ఎస్‌ఏ 4.0 కింద ఉన్న పనిని జీపీఎల్ మూడో కూర్పులోకి తీసుకుపోవచ్చని క్రియేటివ్ కామన్స్ 2015 అక్టోబరులో ప్రకటించింది. అది ఒకవైపు దారి మాత్రమే, జీపీఎల్ కోడ్‌ను తిరిగి బై-ఎస్‌ఏ కింద పెట్టకూడదు. అందుకే జాగ్రత్తపరులైన గాడ్జెట్ కర్తలు ఫైలు తలమీదే ఏయే లైసెన్సులు వర్తిస్తాయో రాసిపెడతారు. ఆంగ్ల వికీ నుంచి మాడ్యూలు తెచ్చేటప్పుడు దాని దిద్దుబాటు చరితాన్ని కూడా దిగుమతి చేసేది ఇందుకే, లేకపోతే మూల కర్తల పేర్లు తెగిపోతాయి.

ఫాంట్లూ ఇదే బాటలో నడిచాయి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన, వేమన ఫాంట్లు జీపీఎల్ కింద వచ్చి లినక్స్ పంపిణీల్లో చోటు సంపాదించాయి. రెడ్ హ్యాట్ లోహిత్ ఫాంట్లు కూడా మొదట జీపీఎల్ కిందే ఉండి 2011లో ఫాంట్ల కోసమే రాసిన ఓఎఫ్ఎల్ లైసెన్సుకు మారాయి. పత్రంలో ఫాంటును పొదిగితే పత్రానికీ లైసెన్సు అంటుకుంటుందేమో అన్న సందేహానికి ఓఎఫ్ఎల్‌లో తావు లేదు. గిడుగు, గురజాడ, ధూర్జటి, రామభద్ర వంటి ఫాంట్లు ఓఎఫ్ఎల్ కిందనే 2014 చివర గూగుల్ ఫాంట్లలో చేరాయి.

వ్యక్తిగత వికీల్లో ఈ సరుకంతా ఒక చోట కలుస్తుంది. 2004 సెప్టెంబరులో జెరెమీ రస్టన్ విడుదల చేసిన టిడ్లీవికీలో పేజీలు, ప్రోగ్రాము, ప్లగిన్లు అన్నీ ఒకే హెచ్‌టీఎంఎల్ ఫైలులో ఉంటాయి. దాని లైసెన్సు బీఎస్‌డీ, దాదాపు ఎంఐటీ అంత ఉదారమైనది. పాత కూర్పుల్లో ప్లగిన్ కూడా ఒక పేజీయే. దాని తలమీద పేరు, కూర్పు సంఖ్య, కర్త, లైసెన్సు వరుసగా రాసే అలవాటును వాడుకరుల సముదాయమే స్థిరపరచింది. ఆ నాలుగు వరుసల అలవాటు ఎన్నో ప్లగిన్లను కాపాడింది. 2020లో వచ్చిన అబ్సిడియన్ అనే నోట్సు సాధనంలో మూల ప్రోగ్రాము మూసి ఉంటుంది, ప్లగిన్లను మాత్రం వాడుకరులు రాస్తారు. ప్రతి ప్లగిన్‌కూ లైసెన్సు ఫైలు ఉండాలని దాని నియమం. అలాంటిదే అయిన లాగ్‌సెక్ మూల కోడ్ మాత్రం జీపీఎల్ జాతికే చెందిన ఏజీపీఎల్ కింద ఉంది.

లైసెన్సు రాయకపోతే కోడ్ అందరిదీ అవుతుందనుకోవడం పెద్ద పొరపాటు. భారత కాపీహక్కు చట్టం కంప్యూటరు ప్రోగ్రామును సాహిత్య రచనగానే లెక్కిస్తుంది. కర్త జీవితకాలం, ఆపైన మరో 60 ఏళ్లు హక్కు ఉంటుంది. లైసెన్సు లేని ప్లగిన్‌ను కర్త జాడ తెలియని నాడు ఎవరూ చట్టబద్ధంగా దిద్ది పంచలేరు. పద్మకు ఆ గతి పట్టలేదు. 2017 నవంబరులో విడుదలైన ఫైర్‌ఫాక్స్ 57 పాత పద్ధతి పొడిగింతలన్నిటినీ పక్కన పెట్టింది, వాటితోపాటు పద్మ పొడిగింత కూడా కొత్త బ్రౌజర్లలో పనిచేయకుండా పోయింది. దాని కోడ్ మాత్రం అప్పటికే లేఖినిలో ఉంది.

తెలుగు టైపింగు కోడ్‌ను టిడ్లీవికీలో చేర్చుకుని సొంతానికి వాడుకునేవారికి ఏ షరతూ అడ్డురాదు. ఆ ఫైలును ఇతరులకు పంచినప్పుడే షరతులు మొదలవుతాయి. ఎంఐటీ కోడ్ తీసుకుంటే కర్త హక్కు ప్రకటనను, లైసెన్సు పాఠాన్ని ఉంచాలి. పద్మ వంటి జీపీఎల్ కోడ్ తీసుకుంటే కలిపి తయారైన ప్రోగ్రామును జీపీఎల్ కింద, మూల కోడ్‌తో సహా ఇవ్వాలి. బీఎస్‌డీ లైసెన్సు ఇందుకు అభ్యంతరం చెప్పదు. ఓఎఫ్ఎల్ ఫాంటు ఫైలును ప్రోగ్రాముతో పాటు పంచితే దాని లైసెన్సు పాఠం కూడా జతగా వెళ్లాలి. వికీలో రాసుకున్న వ్యాసాలకు ఇవేవీ వర్తించవు, వాటిపై హక్కు రాసినవారిదే.