అష్టమి నుంచి అష్టమి దాకా

శుక్ల త్రయోదశి సాయంత్రం. టెనెరిఫే దీవిలో, ఇజాన్యా వాతావరణ పరిశోధన కేంద్రం డాబా మీద నిలబడి ఉన్నారు మీరు. ఎత్తు దాదాపు 2,400 మీటర్లు. చుట్టూ అట్లాంటిక్ సముద్రమే, కానీ కనబడదు. దాని మీద మబ్బులు పరుచుకున్నాయి. ఊళ్ల పొగ, ఉప్పు తుంపర ఆ మబ్బుల కిందే ఉండిపోయాయి. 1916 నుంచీ ఈ కేంద్రం ఇక్కడే ఉంది.

పక్కన చిన్న మోటారు చప్పుడు. ఫోటోమీటర్ తన జంట గొట్టాలను పడమటికి తిప్పి, దిగిపోతున్న సూర్యుడికి సూటిగా నిలిపింది. లోపల ఫిల్టర్ల చక్రం తిరుగుతోంది. అతినీలలోహితం నుంచి పరారుణం దాకా ఒక్కో రంగు కాంతినీ విడిగా కొలుస్తోంది. అరనిమిషం ఆగి మళ్లీ, ఇంకోసారి మళ్లీ. మూడు లెక్కలూ కలిస్తే ఆకాశం నిర్మలం. తేడా వస్తే మబ్బు అడ్డం వచ్చినట్టే.

సూర్యుడు దిగేకొద్దీ కాంతి దాటాల్సిన గాలి పెరుగుతుంది, అంకె పడిపోతుంది. ఆ అంకెల లాగరిథమ్‌లను గాలి మందానికి ఎదురుగా గీస్తే సరళరేఖ వస్తుంది. దాన్ని గాలే లేని చోటికి పొడిగిస్తే వాతావరణం పైన పరికరం ఎంత చూపేదో తెలుస్తుంది. లాంగ్లీ పద్ధతి ఇదే. ధూళి ఎంత కాంతిని మింగిందో చెప్పాలంటే ముందు ఆ అంకె చేతిలో ఉండాలి.

చీకటి పడింది. గొట్టాలు తూర్పున చంద్రుడి వైపు తిరిగాయి. అసలు చిక్కు ఇప్పుడే. నిండు చంద్రుడి వెలుగు కూడా సూర్యకాంతిలో సుమారు నాలుగు లక్షలవ వంతే. పైగా అది గంటగంటకూ మారుతుంది, మనకు కనబడే ముఖం కూడా కాస్త అటూ ఇటూ ఊగుతుంది. అమెరికాలోని ఫ్లాగ్‌స్టాఫ్‌లో ఏళ్లపాటు చంద్రుణ్ణి కొలిచి కట్టిన రోలో నమూనా ఈ మార్పులను లెక్కగట్టి ఇస్తుంది. అయినా వెలుగు చాలినంత ఉండే శుక్ల అష్టమి నుంచి బహుళ అష్టమి దాకానే కొలత. ఇంత యంత్రమూ చివరికి తిథి చూసుకునే పనిచేస్తుంది! ఆ పదిహేను రాత్రులైనా చాలా విలువైనవి, సూర్యుడు నెలల తరబడి కనబడని ధ్రువ ప్రాంతాల్లో మరీనూ.

ఇక ఆగ్నేయం నుంచి గాలి మళ్లితే కలీమా అనే ధూళిగాలి వచ్చినట్టే. సహారా ధూళి ఇంత ఎత్తుకూ ఎక్కేస్తుంది. కొలవాల్సింది ఆ ధూళినే, కానీ లాంగ్లీ అంకె రాబట్టుకునే క్రమాంకనం కోసం ఇక్కడికి వచ్చిన పరికరాలు మాత్రం అది పోయేదాకా ఆగాల్సిందే.