ఒకే జబ్బు, మూడు ఫైళ్లు



ముప్పయ్యారేళ్లు రెవెన్యూ శాఖలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి. ఒకే విషయం మీద మూడు సెక్షన్లు మూడు ఫైళ్లు నడపడం, అర్జీదారు చెప్పులరిగేలా తిరగడం మనందరం చూసిందే. వైద్య చరిత్రలోనూ అలాంటిదొకటుందని నా కంటి జబ్బు పుణ్యమా అని తెలిసింది.

మూడేళ్ల క్రితం నాకు కళ్ల ముందు నలుసులు తేలడం, సందెవేళ మెట్లు ఆనకపోవడం మొదలైంది. ఒక ఆసుపత్రిలో గోడమీది అక్షరాలు చదివించారు. ఆఖరి వరుస దాకా చదివాను. "పెద్దతనం కదండీ, మామూలే" అని పంపేశారు. ఆర్నెల్ల తర్వాత మరో డాక్టరుగారు చుక్కల మందు వేసి చూసి, రెటీనా దగ్గర వాపు ఉందన్నారు. వాపు తగ్గింది గాని, ఎడమకంట పోయిన చూపు పూర్తిగా తిరిగి రాలేదు. "మీది అది కాదు. కానీ అక్షరాలు చదవనిస్తూనే చూపును తినేసే అరుదైన జబ్బు ఒకటుంది" అని ఆయన చెప్పిన పేరు బర్డ్‌షాట్.

దాని కథ ఇది. 1949లో ఫ్రాన్సెషెట్టి, బాబెల్ అనే వైద్యులు కంటి లోపలి మచ్చలను కొవ్వొత్తి మైనపు చుక్కలతో పోల్చి, వేరే జబ్బు ఖాతాలో రాశారు. 1980లో అమెరికాలో రయాన్, మౌమెనీ అనే వైద్యులు అవి పిట్టలను కొట్టే తుపాకీ నుంచి చెదిరిపడిన సన్నగుండ్లలా ఉన్నాయని 'బర్డ్‌షాట్' అని పేరుపెట్టారు. మరుసటి ఏడే గాస్ అనే డాక్టరు, చర్మం మీది బొల్లి మచ్చలను పోలి ఉన్నాయని ఇంకో పేరు ఇచ్చారు. ఇలా మూడు ఫైళ్లు!

1982లో నస్సెన్‌బ్లాట్ బృందం చేసిన రక్తపరీక్షల్లో చాలామంది రోగుల్లో హెచ్‌ఎల్‌ఏ-ఏ29 అనే ఒకే గుర్తు బయటపడింది. ఆ గుర్తు జబ్బుకు ఫైలు నంబరులా పనికొచ్చింది. గుర్తు ఉన్నవారందరికీ జబ్బు రాదు. ఉన్నవారిలో బహు కొద్దిమందికే వస్తుంది. యాభై ఏళ్ల ప్రాయంలో, ఎక్కువగా యూరపు సంతతివారిలో కనిపిస్తుంది. మన దేశంలో చాలా అరుదు.

ఈ జబ్బులో అక్షరాలు చదివే చూపు చాలాకాలం బాగానే ఉండవచ్చు. ఈలోగా రేచూపు, రంగుల తేడా, పక్కచూపు సన్నగిల్లుతాయి. రెటీనా పనితీరు కొలిచే విద్యుత్ పరీక్షలో అది బయటపడుతుంది. స్టెరాయిడ్లు, రోగనిరోధక శక్తిని అదుపుచేసే మందులు ఏళ్ల తరబడి వాడాల్సి రావచ్చు. వేళకు మొదలుపెడితే చూపు నిలబెట్టుకునే అవకాశం ఉంది.

ఇంత అరుదైన జబ్బు మనకెందుకంటారా? జబ్బు ఏదైనా "కనిపించడం లేదు" అన్న మాటను వయసు పద్దులో రాసి మూసేయకూడదు. నలుసులు పెరిగినా, సందెవేళ చూపు ఆనకపోయినా, ఏ పూట ఎలా ఉందో కాగితం మీద రాసి డాక్టరుగారి చేతికివ్వండి. చుక్కల మందు వేసి లోపల చూడమని అడగండి. పిల్లలూ, పెద్దవాళ్ల మాటను చాదస్తమని కొట్టిపారేయకండి.

అర్జీ రిజిస్టరుకెక్కితేనే గదా, ఫైలు కదిలేది!