దూరపు గుర్రపుస్వారీలో వేగ నిర్ణయం: గడియారం నుండి గుండె లయ వరకు

ఉపోద్ఘాతం

దూరపు స్వారీలో గుర్రాన్ని ఎంత వేగంగా నడపాలన్న ప్రశ్నకు చరిత్రలో రెండు జవాబులు కనిపిస్తాయి. మొదటిది గమ్యం చేరే కాలాన్ని ప్రమాణంగా తీసుకుంటుంది. రెండవది గమ్యం చేరాక గుర్రంలో మిగిలిన శక్తిని లెక్కలోకి తీసుకుంటుంది. మొదటి దాని నుండి రెండవ దానికి జరిగిన పరిణామాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

వియన్నా–బెర్లిన్ స్వారీ (1892)

1892 అక్టోబరులో ఆస్ట్రియా–హంగరీ సైనికాధికారులు వియన్నా నుండి బెర్లిన్‌కు, జర్మన్ అధికారులు బెర్లిన్ నుండి వియన్నాకు పోటీగా స్వారీ చేశారు. దూరం సుమారు 580 కిలోమీటర్లు. విజేత కౌంట్ స్టార్‌హెంబెర్గ్ ఆ దూరాన్ని 71 గంటలకు కొద్దిగా పైబడిన కాలంలో పూర్తి చేశాడు. విరామాలతో కలిపి లెక్కిస్తే సగటు వేగం గంటకు 8 కిలోమీటర్లే. ట్రాట్ అనే మధ్యస్థపు పరుగులో గుర్రం సాధారణంగా గంటకు 12 కిలోమీటర్లకు పైగా పోగలదు. అయినా విజేత గుర్రం ఆథోస్ ఆ శ్రమ నుండి కోలుకోలేక మరణించింది. ఇంకా అనేక గుర్రాలు ప్రాణాలు కోల్పోయాయి. వాటిని చంపినది ఒక క్షణపు దౌడు కాదు. నిద్ర, నీరు, మేత, విశ్రాంతి చాలక రోజుల తరబడి పేరుకుపోయిన అలసట. సగటు వేగం ఆ అలసటను చూపలేదు. గుర్రాల స్థితికి ప్రత్యేక బహుమతి ఉన్నప్పటికీ, ప్రధాన గౌరవం కాలానికే దక్కింది.

ప్రమాణంలో మార్పు

1919లో అమెరికా సైన్యం అవసరాల దృష్ట్యా నిర్వహించిన పరీక్షా స్వారీలో 300 మైళ్లను ఐదు రోజులకు పంచారు. రోజుకు సుమారు 60 మైళ్లు. కాలంతో పాటు గుర్రం స్థితిని కూడా అంచనాలో చేర్చారు. ఆ స్వారీలో రామ్లా అనే అరబ్బీ ఆడగుర్రం గెలిచింది.

1955లో కాలిఫోర్నియాలో వెండెల్ రోబీ ఆరంభించిన స్వారీ, తరువాత టెవిస్ కప్‌గా ప్రసిద్ధమై, మరొక అడుగు ముందుకు వేసింది. 100 మైళ్లను 24 గంటల్లో ముగించి, ప్రయాణం కొనసాగించగల స్థితిలో గుర్రాన్ని నిలిపిన ప్రతి రౌతుకూ ఒకే రకం వెండి బకిల్ లభిస్తుంది. 1964 నుండి, ముందుగా చేరిన పది గుర్రాలలో ఉత్తమ స్థితిలో ఉన్న దానికి హాగిన్ కప్ ఇస్తున్నారు.

నేటి పోటీలలో ఈ భావన కొలతగా మారింది. మధ్యంతర పరీక్షా కేంద్రం చేరగానే రౌతు కాలం ఆగదు. గుర్రాన్ని పశువైద్యుని ముందు నిలిపేవరకు నడుస్తూనే ఉంటుంది. గుండె లయ సాధారణంగా నిమిషానికి 64కు దిగాలి. నడకలో కుంటితనం ఉండరాదు. తొందరపడి వచ్చిన గుర్రం చల్లబడడానికి ఎక్కువసేపు తీసుకుంటే, దారిలో సంపాదించిన నిమిషాలు అక్కడే ఖర్చవుతాయి. అందుచేత ఎక్కుడులో నిదానించడం, దిగుడులో కాళ్లను కాపాడడం, చదును నేలపై నిలకడైన ట్రాట్ పట్టడం లాభసాటి అయ్యాయి.

ముగింపు

అయితే నియమం ఒక్కటే చాలదు. గుర్రాల సంక్షేమంపై తీవ్ర ఆందోళనల నడుమ 2015 మార్చిలో అంతర్జాతీయ అశ్వక్రీడా సమాఖ్య యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ జాతీయ సమాఖ్యను సస్పెండ్ చేయవలసి వచ్చింది. వైద్య పరీక్షలున్న కాలంలోనూ 1892 నాటి తప్పు పునరావృతం కాగలదని ఇది సూచిస్తుంది. సరైన వేగం ముందుగా నిర్ణయించదగిన అంకె కాదు. ఆ రోజు, ఆ దారిలో, ఆ గుర్రం మరికొంత దూరం పోగలిగే స్థితిని మిగిల్చే వేగమే సరైనది.