బాచుపల్లి నుంచి సైబర్ టవర్స్ దాకా... ఒక సిగ్నల్ కథ

హైదరాబాద్‌లో ఉచిత వైఫై మాట పుట్టి పదేళ్లు దాటింది. ఆ మాట ఎక్కడ మొదలైంది, దారిలో ఏమేం అడ్డుపడ్డాయి, ఎక్కడ ఆగింది? ఇందులో కనిపించే విద్యార్థికి పేరు పెట్టలేదు. ఆ రోజుల్లో నగర శివారు బాచుపల్లి హాస్టళ్లలో ఉన్న ఎందరో ఇంజనీరింగ్ పిల్లల పరిస్థితిని ఒక్కడిలో చూపే ప్రయత్నం ఇది. తక్కిన సంఘటనలు, తేదీలు, అంకెలు నిజమైనవే.

2014 అక్టోబర్, మాదాపూర్

బాచుపల్లిలో పొద్దున్నే బయల్దేరిన కుర్రాడు మియాపూర్ మీదుగా వచ్చి సైబర్ టవర్స్ దగ్గర బస్సు దిగాడు. చేతిలో రెజ్యూమెల ఫైలు, ఫోన్లో అయిపోవచ్చిన నెట్ ప్యాక్. అప్పట్లో ఒక జీబీ త్రీజీ డేటాకు దాదాపు 250 రూపాయలు అయ్యేది. మెస్ బిల్లు కట్టాక మిగిలిన డబ్బుతో నెలకోసారి వేయించుకోవడమే గొప్ప.

"అన్నా, ఇక్కడ వైఫై ఫ్రీ అంట కదా?" టీ కొట్టు దగ్గర కనబడ్డ సీనియర్‌ని అడిగాడు.

"అవున్రా. నంబర్ కొట్టు, ఓటీపీ వస్తది. రోజుకు 750 ఎంబీ."

ఓటీపీ వచ్చింది. కంపెనీ సైటు తెరుచుకుంది. దరఖాస్తు సగం నింపుతూ మైండ్‌స్పేస్ వైపు నడక మొదలుపెట్టాడు. నాలుగడుగులు వేసేసరికి మూడు గీతల సిగ్నల్ ఒకటైంది. ఇంకాస్త నడిస్తే అదీ పోయింది. పేజీ మధ్యలోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి మళ్లీ టీ కొట్టు దగ్గరికే వచ్చాడు.

తెలంగాణ ప్రభుత్వం, ఎయిర్‌టెల్ కలిసి ఆ నెలలోనే ప్రయోగాత్మకంగా మొదలుపెట్టిన సేవ అది. సైబర్ టవర్స్ నుంచి మాదాపూర్ పోలీస్ స్టేషన్, కొత్తగూడ కూడలి, రహేజా మైండ్‌స్పేస్ వైపు వెళ్లే రోడ్ల మీద 8 కిలోమీటర్ల మేర 17 హాట్‌స్పాట్లు పెట్టారు. అంటే సగటున 470 మీటర్లకు ఒకటి. అడ్డేమీ లేని చోట కూడా మామూలు వైఫై ఓ వంద మీటర్లకు మించి గట్టిగా అందదు. చెట్టు అడ్డమొచ్చినా, బస్సు వచ్చి నిలబడినా ఇంకా తగ్గుతుంది. కుర్రాడి ఫోన్‌లో లోపం లేదు. ఒక హాట్‌స్పాట్ పరిధి దాటి బయటికొచ్చాడు, రెండోది ఇంకా దూరంలో ఉంది, అంతే.

ఓటీపీ ఎందుకు?

ఉచితంగా ఇస్తున్నప్పుడు నంబర్ ఎందుకు అడగాలి? దీనికి జవాబు 2008లో ఉంది. ఆ ఏడాది జులై 26న అహ్మదాబాద్‌లో వరుస పేలుళ్లు జరిగాయి. వాటికి కొద్ది నిమిషాల ముందు మీడియాకు వెళ్లిన బెదిరింపు ఈమెయిల్ జాడ పట్టుకుని పోలీసులు నవీ ముంబైలో ఓ ఇంటికి చేరుకున్నారు. అక్కడి వైఫైని ఎవరో బయటివాళ్లు వాడుకున్నారు. ఆ తర్వాత 2009లో టెలికాం శాఖ నిబంధనలు బిగించింది. ఎవరు వాడుతున్నారో తెలియకుండా బహిరంగ వైఫై ఇవ్వకూడదు.

ఆ జాగ్రత్త సరైనదే. కానీ దాని బరువు పడేది సామాన్యుడి మీదే. రీఛార్జ్ గడువు ముగిసి సిమ్ ఆగిపోయినవాడికీ, ఫోన్ నంబర్ లేని ట్యాబ్‌తో వచ్చిన పిల్లకీ, విదేశీ పర్యాటకుడికీ ఓటీపీ దగ్గరే దారి మూసుకుపోతుంది.

నగరమంటే ఎంత?

వంద మీటర్ల వ్యాసార్ధంతో ఒక వలయం గీస్తే దాని విస్తీర్ణం 0.03 చదరపు కిలోమీటర్ల కంటే కొంచెం ఎక్కువ ఉంటుంది. నగర కార్పొరేషన్ జీహెచ్ఎంసీ అప్పటి విస్తీర్ణం దాదాపు 650 చదరపు కిలోమీటర్లు. గోడలూ చెట్లూ లేవనుకుని, వలయాలు ఒకదానిమీదొకటి పడలేదనుకున్నా 20 వేలకు పైగా హాట్‌స్పాట్లు కావాలి. ప్రతిదానికీ కరెంటు, వెనక నుంచి ఫైబర్ తీగ, రోడ్డు తవ్వేందుకో స్తంభం వాడుకునేందుకో అనుమతి, పాడైతే వచ్చి చూసే మనిషి ఉండాలి. ఫోన్లోకి వచ్చే చివరి వంద మీటర్లే వైర్‌లెస్. అక్కడిదాకా రావాల్సిందంతా తీగ మీదే రావాలి.

అమెరికాలో ఫిలడెల్ఫియా నగరం ఈ సంగతి ముందే తెలుసుకుంది. ఊరంతా వైఫై అని 2004లో ప్రకటించింది. ఎర్త్‌లింక్ సంస్థ నెట్‌వర్క్ కట్టడం మొదలుపెట్టి, గిట్టుబాటు కాక 2008లో తప్పుకుంది. స్తంభాలపై పెట్టిన పరికరాల సిగ్నల్ ఇళ్ల లోపలికి సరిగా రాలేదు, డబ్బు కట్టే చందాదారులు చాలినంతమంది దొరకలేదు.

2016: లెక్కలు మారిన ఏడాది

హుస్సేన్‌సాగర్ చుట్టూ బీఎస్ఎన్ఎల్ వైఫై 2015లోనే వచ్చింది. 2016 ఏప్రిల్‌లో గూగుల్, రైల్‌టెల్ కలిసి కాచిగూడ, విజయవాడ, విశాఖపట్నం స్టేషన్లలో ఉచిత వైఫై మొదలుపెట్టాయి. ప్లాట్‌ఫారం మీద కూర్చుని ఉద్యోగ పరీక్షలకు చదువుకునే పిల్లలకు అది పెద్ద ఆసరా అయింది.

అదే ఏడాది సెప్టెంబర్ 5న జియో వచ్చింది. నెలల తరబడి డేటా ఉచితం. బాచుపల్లి హాస్టల్ గదుల్లో "హాట్‌స్పాట్ పెట్టురా" అని బతిమాలుకునే రోజులు దాదాపు పోయాయి. ఎవరి సిమ్ వాళ్లకు వచ్చేసింది. నడిరోడ్డు మీద వైఫై కోసం నిలబడాల్సిన అవసరం చాలామందికి తగ్గింది. 2020 ఫిబ్రవరిలో గూగుల్ తన స్టేషన్ల వైఫై పథకాన్ని ఆపేస్తున్నట్టు ప్రకటించింది. భారత్‌లో మొబైల్ డేటా బాగా చవకైందన్నది అది చెప్పిన కారణాల్లో ఒకటి.

ఆ మాట సగమే నిజం. మరుసటి నెలలోనే లాక్‌డౌన్ వచ్చింది. సెప్టెంబర్ 1 నుంచి ప్రభుత్వ బడుల పాఠాలు దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ చానళ్లలో మొదలయ్యాయి. ప్రైవేటు బడుల పిల్లలు ఫోన్లలో క్లాసులకు కూర్చున్నారు. ఇద్దరు పిల్లలు, ఒకటే ఫోన్, నాన్న ఆ ఫోన్ తీసుకుని పనికి వెళ్లాలి: ఇలాంటి ఇళ్లు కొత్త అపార్టుమెంట్లు లేస్తున్న ప్రతి శివారులోనూ ఉన్నాయి. డేటా చవకైంది, కానీ అందరికీ అందలేదు.

2021 ఆగస్టు: 3 వేల హాట్‌స్పాట్లు

హై-ఫై పేరుతో 2017లో నగరంలో మొదలైన ఉచిత వైఫై ప్రయత్నం 2021 ఆగస్టులో పెద్దదైంది. ఏసీటీ ఫైబర్‌నెట్‌తో కలిసి నగరంలో 3 వేలకు పైగా చోట్ల ఉచిత వైఫైని అప్పటి ఐటీ మంత్రి కేటీఆర్ ప్రారంభించారు. రోజుకు 45 నిమిషాలు, 25 ఎంబీపీఎస్ వేగం, ఒక జీబీ డేటా. చిన్న పని కాదు. అయినా పైన వేసిన లెక్క ప్రకారం 3 వేల వలయాలు కలిపినా నగరంలో దాదాపు ఏడో వంతే వస్తుంది.

పైగా అది హైదరాబాద్ నగరం కోసమని ప్రకటించిన పథకం. బాచుపల్లి అప్పట్లో 2019లో ఏర్పడ్డ నిజాంపేట మున్సిపల్ కార్పొరేషన్‌లో ఉంది. ఇంజనీరింగ్ కాలేజీలు, ఫార్మా పరిశ్రమలు, వాటి చుట్టూ హాస్టళ్లు, కూలీల గుడిసెలు. మాదాపూర్ ఐటీ కంపెనీలకు ఉద్యోగులను పంపే ఊరు, కానీ పాలనలో పక్క కార్పొరేషన్. మనిషి రోజూ దాటే హద్దును పథకాలు అంత తేలిగ్గా దాటవు. ముందు నుంచీ జరిగింది ఇదే. ఆఫీసుల్లో నెట్ పుష్కలంగా ఉన్న మాదాపూర్‌లో తొలి ప్రయోగం చేశాం. అవసరం ఎక్కువగా ఉన్న చోటును చివరికి వదిలాం.

2025 ఆగస్టు 17 రాత్రి, రామంతాపూర్

హైదరాబాద్‌లోని ఈ ప్రాంతంలో, గోకుల్‌నగర్‌లో కృష్ణాష్టమి శోభాయాత్ర ముగింపుకొచ్చింది. రథాన్ని చేతులతో తోసుకుంటూ తీసుకొస్తున్నారు. ఒక్కసారిగా రథానికి కరెంటు పాకింది. ఐదుగురి ప్రాణాలు పోయాయి. ఇందుకు స్తంభాలకు వేలాడే కేబుల్ తీగలే కారణమని నగరం మండిపడింది. విద్యుత్ సిబ్బంది స్తంభాలెక్కి తీగలు కోశారు. చాలా కాలనీల్లో నెట్ ఆగింది. వివాదం హైకోర్టుకు చేరింది.

తీగలు కోసింది ప్రాణాల కోసం. దాన్ని తప్పుపట్టలేం. తప్పు అంతకుముందే జరిగింది. కరెంటు తీగ, ఇంటర్నెట్ తీగ ఒకే స్తంభంపై చిక్కుపడుతున్నా ఏళ్ల తరబడి బాధ్యత ఎవరిదో తేల్చలేదు. ఉచితమైనా, డబ్బు కట్టేదైనా, నగరపు ఇంటర్నెట్ ఆ స్తంభం మీదే ఆధారపడి ఉంది.

ఇప్పుడేం చేయాలి?

దారి లేదనుకోవద్దు. 2020 డిసెంబర్ 9న కేంద్ర మంత్రివర్గం పీఎం-వాణి పథకానికి ఆమోదం తెలిపింది. కిరాణా కొట్టు, టీ దుకాణం కూడా లైసెన్సు, రుసుము లేకుండా వైఫై ఇవ్వొచ్చు. అయితే వెనక నుంచి వచ్చే కనెక్షన్ ఖరీదు దగ్గర చిన్న కొట్లు ఆగిపోయాయి. 2025 జూన్‌లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కలగజేసుకుంది. 200 ఎంబీపీఎస్ దాకా అలాంటి కొట్లకు ఇచ్చే ఫైబర్ కనెక్షన్ ధర, ఇళ్లకు ఇచ్చే ధరకు రెట్టింపు మించకూడదని చెప్పింది.

మరోపక్క 2024 జులైలో మొబైల్ చార్జీలు పెరిగి, 28 రోజులకు రోజూ ఒకటిన్నర జీబీ ఇచ్చే జియో రీఛార్జ్ 239 నుంచి 299 రూపాయలైంది. దినకూలీ ఇంట్లో రెండు ఫోన్లుంటే అది చిన్న మొత్తం కాదు. ఉచిత వైఫై అవసరం తీరలేదు.

నగరమంతా కప్పాలన్న ఆశ పక్కన పెడదాం. 20 వేల చోట్ల కాదు, మనుషులు కూర్చుని ఎదురుచూసే చోట్ల పెడదాం: గ్రంథాలయం, బస్టాండు, ప్రభుత్వ ఆసుపత్రి, ప్రభుత్వ బడి, కూలీల అడ్డా. ప్రారంభోత్సవంతో పాటే ఐదేళ్ల నిర్వహణ ఖర్చును బడ్జెట్‌లో రాయాలి. ఏ హాట్‌స్పాట్ పనిచేస్తోందో, ఏది ఆగిందో ప్రతి నెలా ప్రజలకు చెప్పాలి. మీ వార్డు సభలో ఈ ప్రశ్నలు అడగండి. పనిచేయని హాట్‌స్పాట్ కనిపిస్తే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. మొదటి హాట్‌స్పాట్ ఎక్కడ పెట్టాలని అధికారులు అడిగితే, బాచుపల్లి లాంటి శివారు పేర్లు ముందు చెప్పండి.