సంకల్పంలోని భరతవర్షం

వైదిక కర్మలన్నీ సంకల్పంతో ఆరంభమౌతాయి. కర్త తన గోత్రనామాలను ఉచ్చరించడానికి ముందే తాను నిలిచిన స్థలాన్ని స్మరిస్తాడు. జంబూద్వీపం, అందులో భరతవర్షం, భరతఖండం, మేరువుకు దక్షిణ దిగ్భాగం. తెలుగునాట అయితే శ్రీశైలానికి ఏ దిక్కున, ఏ నదుల నడుమ అన్నది కూడా చెప్పుకోవాలి. మహాద్వీపం నుండి నదీతీరం వరకు క్రమంగా సంకుచితమయ్యే ఈ స్మరణలో ఒక భూగోళశాస్త్రమే నిక్షిప్తమై ఉంది.

దాని వివరణ విష్ణుపురాణ ద్వితీయాంశంలో లభిస్తుంది. జంబూద్వీపం నవవర్షాత్మకం. సముద్రానికి ఉత్తరంగా, హిమాద్రికి దక్షిణంగా ఉన్నది భరతవర్షం. మహేంద్రం, మలయం, సహ్యం, శుక్తిమంతం, ఋక్షం, వింధ్యం, పారియాత్రం అనేవి దాని కులపర్వతాలు. ఈ నామాలు పురాణాలకే పరిమితం కావు. జంబూద్వీప శబ్దం అశోకుని లఘు శిలాశాసనంలో కనిపిస్తుంది; భరతవర్ష నామం ఖారవేలుని హాథీగుంఫా శాసనంలో ప్రాకృత రూపంలో చెక్కబడి ఉంది.

ఈ వర్షంలోని ప్రజలను పురాణం ఎలా నిర్వచించిందన్నది గమనార్హం. కురు పాంచాలులు, కళింగులు, మాగధులు, దాక్షిణాత్యులు, సౌరాష్ట్రులు, సైంధవులు మాత్రమే కాక హూణులు, పారసీకులు సైతం ఆ గణనలో ఉన్నారు. వీరందరికీ సమానమైన లక్షణం ఒక్కటే: ఈ నదుల జలాన్ని త్రాగుతూ, ఈ నదుల చెంత నివసించడం.

ఇక సంపద విషయం. భరతవర్షం సర్వసమృద్ధమని పురాణం కీర్తించి ఉంటుందని ఎవరైనా ఊహిస్తారు. అది చెప్పినది వేరు. మిగిలిన ఎనిమిది వర్షాలలో శోకం లేదు, శ్రమ లేదు, క్షుద్బాధ లేదు. అక్కడ భూగర్భజలమే పుష్కలం గనుక వాన కురవవలసిన అవసరమే లేదు. అవి భోగభూములు. ఆకలి, ఆయాసం, వర్షం కోసం నిరీక్షణ ఉన్నది ఇక్కడే. అందువల్లనే ఇది కర్మభూమి. దేవతలు సైతం ఇక్కడ జన్మించినవారిని ధన్యులుగా భావిస్తారని పురాణవచనం.

చరిత్ర ఈ దృష్టిని సమర్థించింది. దేశంలో నిధులు లేక కాదు. భారతదేశపు సరకుల కోసం ఏటా 5 కోట్ల సెస్టర్షియస్‌లు తరలిపోతున్నాయని క్రీ.శ. 1వ శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. కృష్ణాతీరంలోని కొల్లూరు వజ్రగనిలో దాదాపు 60,000 మంది పనిచేస్తున్నారని 17వ శతాబ్దంలో ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే వ్రాశాడు. అయినా రత్నాలు నిలువలేదు. కోహినూరు 1739లో నాదిర్షా వెంట ఢిల్లీని వీడింది. 1849లో ఆంగ్లేయుల వశమైంది. గని రిక్తమైంది, మణి దేశాంతరం చేరింది.

నది మాత్రం మిగిలింది. కానీ నది ఉన్నంత మాత్రాన అన్నం లభించదు. 1832-33 నందన సంవత్సరపు క్షామంలో జనం అన్నం లేక మరణిస్తుండగా, జీవనదులైన కృష్ణా గోదావరుల జలం సముద్రంలో కలుస్తూనే ఉంది. సంపద ఉన్నది, దానిని సార్థకం చేసే కర్మ లేదు. ఆ కర్మను పూనినవాడు ఆర్థర్ కాటన్ అనే ఆంగ్లేయ ఇంజనీరు. 1847లో ఆరంభమైన ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయింది, డెల్టా ధాన్యాగారమైంది. ఆ రాళ్లను మోసి పేర్చిన వేలాది శ్రామికుల పేర్లు ఎవరికీ తెలియవు. ఆ కర్మ వారిది కూడా.

గోదావరి తీరంలో ఒక పురోహితుడు స్నానసంకల్ప వేళ కాటన్‌ను భగీరథునిగా శ్లోకంలో స్మరించాడని డెల్టా ప్రజలు నేటికీ చెప్పుకుంటారు. హూణులను, పారసీకులను నదీజలంతో తనవారిగా గణించిన పురాణానికి ఆ స్మరణ అసమ్మతం కాబోదు.

వజ్రాన్ని ఆర్జించినవారి వద్ద వజ్రం మిగలలేదు. జలాన్ని పొలానికి మళ్లించినవారి ఫలం మాత్రం నేటికీ అన్నమై విస్తరి చేరుతున్నది. అందుచేత సంకల్పంలో భరతవర్ష నామోచ్చారణ స్వామ్యప్రకటన కాదు. ఈ మట్టికి, ఈ నీటికి తాను ఋణగ్రస్తుడనని, ఆ ఋణం కర్మతోనే తీరుతుందని కర్త చేసే అంగీకారం అది.