ఆనకట్ట నుండి రేవు వఱకు: కృష్ణాతీరమున జలమార్గ రక్షణ చరిత్ర

విజయవాడకు పడమట, భవానీపురము చెంత కృష్ణయొడ్డున నిలిచి చూచిన, ఎదుట భవానీద్వీపమును, దిగువను ఇంద్రకీలాద్రికిని సీతానగరపు కొండకును నడుమ ప్రకాశం బ్యారేజియు కానవచ్చును. కొలదిపాటి ఈ నదీభాగమున నూటడెబ్బది యేండ్ల జలనిర్మాణ చరిత్ర ఇమిడియున్నది. సేద్యమునకు, రవాణాకు, ఇసుకకు, విహారమునకు మనుజుడు ఈ నదిని వాడుకొనిన తీరు మారుచు వచ్చినట్లే, ఆ వాడుకవలన గలుగు ఆపదలను గూర్చిన ఎఱుకయు మారుచు వచ్చినది. తొలుత ఇంజనీర్లు నదివలన కట్టడమునకు రాగల ముప్పును మాత్రమే లెక్కించిరి. కట్టడమువలన నదికిని, తీరమునకును, తీరవాసులకును రాగల ముప్పును లెక్కించుట మనము మిక్కిలి ఆలస్యముగా నేర్చుకొంటిమి. నేర్చుకొనిన పిదపనైనను ఆ లెక్క అనుమతి పత్రముతోనే ముగిసిపోవుచుండుట నేటి లోపము.

1832–33 నాటి డొక్కల కరువు గుంటూరు సీమకు ఘోర జననష్టము కలిగించిన పిమ్మట, కెప్టెన్ బకిల్, కెప్టెన్ లేక్ మున్నగువారి పరిశీలనల మీదట, కెప్టెన్ ఓర్ ఆధ్వర్యమున 1852లో మొదలై 1855లో ముగిసిన కృష్ణ ఆనకట్ట పైరులకు నీరిచ్చుటయే గాక పడవలకు దారియు నిచ్చెను. ఏలూరు కాలువ కృష్ణను గోదావరితో కలిపినది. కొమ్మమూరు కాలువ పెదగంజాము కడ బకింగుహాము కాలువతో కూడినది. ఇట్లు కాకినాడ మొదలు చెన్నపట్టణము దాటి ధాన్యము, ఉప్పు, కలప పడవలపై సాగిపోవుటకు వీలయ్యెను. ఆ కాలపు వారికి తెలిసిన ముప్పులు పూడికయు గండ్లును. వాటికి వారు కనుగొనిన ఉపాయము, వేసవిలో కాలువలు కట్టివేసి, పూడిక తీసి, గట్లు బలపఱచి, లాకుల తలుపులు సరిచూచుటయు, తక్కిన కాలమందు లస్కరులు గట్లవెంట తిరిగి నీటిమట్టము కనిపెట్టుచుండుటయు. పర్యావరణమను మాట వారు వాడి యెఱుగరు. అయినను కట్టిన దానిని ఏటేట కాచుకొనుట కట్టుటలో భాగమేనని వారెఱుగుదురు.

సముద్రతీరమున ఈ ఎఱుక మఱింత కఠినముగా కలిగినది. 1611లో ఆంగ్లవర్తకులు వర్తకస్థానము నెలకొల్పిన మచిలీపట్టణమున నదులు తెచ్చిన ఒండ్రుచే కడలి లోతు చాలక, ఓడలు దూరమున లంగరు వేసికొనగా సరకును చిన్న పడవలు మోసెడివి. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి విరుచుకుపడిన ఉప్పెన సుమారు ముప్పదివేల మందిని బలిగొనుటతో, క్షీణించుచున్న ఆ రేవు మఱి కోలుకొనలేకపోయెను. చెన్నపట్టణమున 1876 తరువాత కట్టిన రేవుగోడలు వేఱొక పాఠము నేర్పినవి: మన తూర్పుతీరము వెంబడి దక్షిణమునుండి ఉత్తరమునకు నడచు ఇసుకను ఆ గోడలు అడ్డగింపగా, దక్షిణపు ప్రక్క మేట వేయుచుండ, ఉత్తరమున రాయపురపు వైపు కడలి తీరమును కోసివైచినది. 1933లో తెఱచిన విశాఖ రేవునకు రెండు పాత ఓడలను ముంచి అలలకు అడ్డు కల్పించిరి. అచ్చట పోగుపడు ఇసుకను తవ్వితీసి నగరపు తీరమునకు చేరవేయు పద్ధతి పిమ్మట ఏర్పడినది. రేవు ఉన్నంతకాలము ఇసుక నడకకు అడ్డు ఉండును గనుక, ఇసుకను మోయవలసిన బాధ్యతయు అంతకాలము ఉండునని ఒప్పుకొనుటయే ఆ పద్ధతిలోని వివేకము.

1952 నాటి వరదలో ఆనకట్టకు గండిపడగా, 1954లో ఆరంభించి 1957లో ముగించిన బ్యారేజికి ఆంధ్రకేసరి ప్రకాశము పేరు పెట్టిరి. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగరము, ఆపై శ్రీశైలము నదిని నిలిపి డెల్టాకు ధీమా కల్పించినవి. అయితే నీటితోపాటు ఒండ్రును కూడ ఈ జలాశయములు పట్టియుంచుటచే, యుగములుగా ఒండ్రుతో పెరుగుచు వచ్చిన డెల్టా అంచున సముద్రము కోత మొదలిడినది. 1977 నవంబరు 19వ తేదీ దివిసీమ ఉప్పెనలో పదివేలకు మించిన జనము మృతి నొందిన పిదప, తీరమున నిలిచియున్న మడ అడవులు వంటచెఱకు మాత్రమే కావనియు, అలల వేగమును తగ్గించు సజీవ ప్రాకారములనియు లోకము గుర్తించినది.

1972లో స్టాక్‌హోం నగరమున జరిగిన ప్రపంచసభయు, సముద్రమున వ్యర్థములు పాఱవేయుటను అదుపుచేయుటకు అదే సంవత్సరము లండనులో కుదిరిన ఒడంబడికయు ఈ ఎఱుకను న్యాయశాస్త్రములోనికి తెచ్చినవి. మన దేశమున 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టమును, 1991లో తీరప్రాంత నియంత్రణ ఉత్తర్వును, 1994లోను మరల 2006లోను పర్యావరణ ప్రభావ పరిశీలనకై ఉత్తర్వులును వెలువడినవి. ఇప్పుడు రేవు కట్టదలచినవారు ముందుగా ప్రభావ నివేదిక వ్రాయించి, తీరవాసుల యెదుట బహిరంగ విచారణ జరిపించి, అనుమతి పొందవలసియున్నది. ఇది గొప్ప మార్పు. కాని ఒక విశేషము గమనింపదగినది: తొలిసారి లోతు త్రవ్వుటను ఈ నియమములు పరిశీలించును, మొదటి అనుమతిలో చేరియున్నచో, తరువాత ఏటేట సాగు పూడికతీతకు వేఱుగ అనుమతి అక్కఱలేదు. నదీగర్భమును దీర్ఘకాలము కదలించు పనిమీద మరల కన్ను వేయు ఏర్పాటు ఆ మేరకు సన్నగిలినది.

కాకినాడ నుండి పుదుచ్చేరి వఱకుగల పాత కాలువలను, కృష్ణా గోదావరులలోని భాగములను చేర్చి 2008లో నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి. ముక్త్యాల నుండి విజయవాడ వఱకు 82 కిలోమీటర్ల తొలి దశకు 2017 అక్టోబరులో శంకుస్థాపన జరిగినది. లారీకన్న పడవ తక్కువ ఇంధనముతో ఎక్కువ బరువు మోయుననుట నిజము. అయితే శంకుస్థాపన జరిగిన మరుసటి నెలలోనే, నవంబరు 12వ తేదీన, భవానీపురమునకు ఎగువన పవిత్రసంగమము చెంత విహారనౌక మునిగి ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి. 2024 సెప్టెంబరు తొలిదినములలో బ్యారేజివద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరదలో, ఎగువనుండి కొట్టుకొనివచ్చిన భారీ పడవలు బ్యారేజిని ఢీకొనగా గేట్ల కౌంటర్‌వెయిట్లు విఱిగినవి. చిక్కుకొనిన పడవలను తొలగించుటకు దినములు పట్టినది. ఆ పడవల రాక వెనుకగల కారణము లెవ్వియైనను, వరదకాలమున నదిలో పడవ ఎచట, ఏ కట్టున, ఎవరి పూచీపై ఉండవలెనన్నది పర్యావరణ నివేదికలలో కానరాని ప్రశ్నయనియు, బ్యారేజి నీటితో పండు డెల్టా పైరుల భవిష్యత్తు ఆ ప్రశ్నపై ఆధారపడియున్నదనియు ఆనాడు స్పష్టమైనది.

2023లో తపసిపూడి వద్ద పనులు ప్రారంభమైన బందరు (మచిలీపట్టణము) క్రొత్త రేవును ఈ చరిత్ర వెలుగున చూడవలసియున్నది. కృష్ణ తెచ్చు ఒండ్రు తగ్గి, ఒడ్డు కోతకు లోనగుచున్న డెల్టాలో అలల అడ్డుగోడలు లేచుచున్నవి. చెన్నపట్టణము నూటయేబది యేండ్ల క్రిందట నేర్చిన పాఠమును మనము క్రొత్తగా నేర్చుకొన పనిలేదు. రేవునకు ఉత్తర దక్షిణములయందలి ఒడ్డును ఏటేట కొలిచి ఆ కొలతలను ప్రజల ముందుంచుటయు, తవ్విన ఇసుకను కోతపడిన చోటికి చేర్చుటయు, మడ అడవుల నీటిపాయలు మూసికొనిపోకుండ చూచుటయు, ఈ కొలతలయందు వేటకు పోవు మత్స్యకారుల అనుభవమునకు స్థానమిచ్చుటయు అవసరములు. నదిలోనైతే, వానకాలమునకు ముందే ప్రతి పడవను లెక్కించి, గట్టి కట్టున బంధించి, యజమానిని బాధ్యుని చేయవలెను. ఇవి నివేదికలో వ్రాసి మఱచునవి కావు. కట్టడమునకు నిధులు కేటాయించునాడే, అది నిలిచియున్నంతకాలము దానివలన మారు నదిని, తీరమును కొలిచి సవరించుటకు వలయు ధనమును, ఆ పనికి జవాబుదారియగు అధికారిని కూడ నిర్ణయించిననాడే, ప్రకృతి రక్షణ మన జలమార్గ నిర్మాణములలో నిజమైన భాగమగును.