ఒక గ్రంథము – ఒక నింద

తిరుత్తణి 1960 ఏప్రిల్ 1వ తేదీ వరకు చిత్తూరు జిల్లాలో అంతర్భాగము. ఆ పాత జిల్లాలోనిదే అయిన పుంగనూరు ప్రాంతంలో 18వ శతాబ్దపు తొలినాళ్లలో ఫ్రెంచి దేశపు కథోలిక గురువులు, అనగా జెసూట్లు, స్థావరం ఏర్పరచుకొన్నారు. జెసూట్లన్నంతనే కపటులు, మాయోపాయములు పన్నువారు అనే మాట ఆ రోజులలో ఐరోపా అంతటా వినవచ్చేది. 1764లో ఫ్రాన్సు రాజు వారి సభను నిషేధించాడు. 1773లో స్వయంగా పోపే దానిని రద్దు చేశాడు. అప్పటికే వేళ్లూనిన ఆ అపవాదుకు తెలుగుసీమతో ముడిపడిన ఒక గ్రంథం మరింత బలం చేకూర్చింది. దాని పేరు ‘ఎజూర్ వేదం’.

భారతదేశము నుండి తిరిగి వచ్చిన ఒక ఫ్రెంచి సైనికాధికారి 1760లో దాని ప్రతిని వోల్టేరుకు అందజేశాడు. వ్యాసునికి, సుమంతునికి నడుమ సంవాదరూపంలో ఉన్న ఆ ఫ్రెంచి రచన బహుదేవతారాధనను ఖండించి ఏకేశ్వరుని ప్రతిపాదిస్తుంది. మతాచార్యులను జీవితమంతా ఎగతాళి చేసిన వోల్టేరు, దానిని అలెగ్జాండరుకంటె పురాతనమైన హిందూ గ్రంథమని నమ్మి, కొనియాడి, రాజుగారి గ్రంథాలయంలో భద్రపరపించాడు. అంతటి సంశయవాదిని ఒక క్రైస్తవ గురువు రచన మెప్పించడము చరిత్రలోని చమత్కారాలలో ఒకటి! 1778లో అది అచ్చయింది. నాలుగేండ్లకే సొన్నెరా అనే యాత్రికుడు, ఇది వేదము కాదు, మచిలీపట్నంలో ఒక మిషనరీ రచించిన ఖండన గ్రంథమని ప్రకటించాడు.

ఇక నింద మొదలైంది. రాసినవాడెవడో తెలియదు, కాని జెసూటే కనుక, పేరున్న జెసూటు ఒకడు కావలెను. మద్రాసు కలెక్టరుగా పనిచేసిన ఎల్లిస్ పుదుచ్చేరిలో ఆ వ్రాతప్రతులను పరిశీలించాడు. ద్రావిడ భాషల బాంధవ్యాన్ని 1816లో నిరూపించిన మహాపండితుడాయన. అట్టివాడు కూడా, అక్కడి క్రైస్తవ పెద్దల మాటను అనుసరించి రాబర్ట్ డి నొబిలి పేరు చెప్పాడు. ఆ వ్యాసం 1822లో వెలువడింది. నొబిలి మైలాపూరులో మరణించినది 1656లో! తమిళము, తెలుగు, సంస్కృతము నేర్చిన ఆ సాధుజీవిపై కూటకర్త అనే ముద్ర చాలకాలం నిలిచిపోయింది. 1984లో లూడో రోచర్ ఆ గ్రంథాన్ని పరిష్కరించి, కర్త 18వ శతాబ్దపు ఫ్రెంచి జెసూటేనని, అయితే ఫలానావాడని నిర్ధారించుట సాధ్యం కాదని తేల్చాడు.

అదే సభవారైన కాల్మెట్ తెలుగుసీమలో ఉండి, 1730ల దశకంలో నిజమైన వేదముల ప్రతులు సంపాదించి ప్యారిస్‌కు పంపాడు. ఎజూర్ వేదపు అనుమానం ఆయననూ వదలలేదు. మరొకరు కూర్దూ. ఆయన తెలుగు నేర్చి నిఘంటువు కూర్చాడు. సంస్కృతానికి లాటిన్, గ్రీకులతో గల చుట్టరికాన్ని విలియం జోన్స్ కంటె సుమారు ఇరవై ఏళ్ల ముందే, 1767లో, లేఖాముఖంగా వివరించాడు. హిందువుల ఆచారాలపై ఆయన సిద్ధపరచిన రచనను అబ్బే దుబోయి తన పుస్తకంలో విస్తారంగా వాడుకొని, తన పేరనే కుంఫిణీవారికి విక్రయించాడు. దుబోయి కూడా కథోలిక గురువే. దోచుకొన్నవాడూ, దోపిడికి గురియైనవాడూ ఇద్దరూ ధరించినది గురువుల అంగీయే కదా!

హిందువుల విషయంలోనూ ఇట్టి తీర్పులు లేకపోలేదు. తిరుత్తణి తెలుగు కుటుంబంలో 1888లో జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుపతి, వేలూరు, మద్రాసులలో ప్రొటెస్టంటు మిషనరీ విద్యాలయాలలో చదివారు. వేదాంతంలో నీతికి చోటు లేదనే మిషనరీల విమర్శ ఆ యువకుని మనసును నొప్పించింది. దానికి సమాధానంగా ఆయన వేదాంత నీతిశాస్త్రంపై ఎం.ఎ. పరీక్షకు వ్యాసం రాశారు. 1908లో అది గ్రంథరూపం దాల్చింది. ఆ వ్యాసాన్ని చదివి, విద్యార్థి గ్రహణశక్తిని మెచ్చుకొంటూ యోగ్యతాపత్రం ఇచ్చిన ఆచార్యుడు ఎ.జి. హాగ్. ఆయనా మిషనరీయే.